ఫ్రాన్సుకు లేఖ: మిషెల్ పోల్నారెఫ్ జీవితము, గానము
(సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



త్యాగరాజ కీర్తనలు వినుటకు అలవాటుపడిన ఈ సభలో ఒక ఫ్రెంచి పాప్ గాయకుని గూర్చి ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని సొంత ఊరు విడిచి దూరమున ఉద్యోగములు చేయు మనవంటి వారికి ఆయన కథలో ఆలోచింపదగిన విషయ మొకటి కలదు.

మిషెల్ పోల్నారెఫ్ 1944 జూలై 3వ తేదీన నైఋతి ఫ్రాన్సులోని నేరాక్ పట్టణమున జన్మించెను. అప్పటికి ఆ దేశము జర్మను సేనల వశమున నుండెను. తండ్రి ఒడెస్సా నుండి వలస వచ్చిన యూదుడు. లెయో పోల్ అను పేరుతో ఎడిత్ పియాఫ్ వంటి మహాగాయనికి పాటలు కూర్చినవాడు. తల్లి నర్తకి. బాలుడు పసితనముననే పియానో ముందు కూర్చుండెను. తండ్రి శిక్షణ మిక్కిలి కఠినమైనది. పారిస్ సంగీత విద్యాలయమున స్వరజ్ఞాన పరీక్షలో ప్రథమ బహుమతి లభించినను, యౌవనమున ఆతడు ఇల్లు విడిచి, గిటారు చేబూని, మోమార్త్ర్ కొండపై సాక్రే కేర్ దేవాలయపు మెట్లమీద పాడుచు కాలము గడిపెను.

1966లో ఆయన తొలి గీతము "కాదనెడి బొమ్మ" అను అర్థము గల పేరుతో వెలువడెను. దానిని లండనులో ధ్వనిముద్రణ చేయవలెనని ఆయన పట్టుపట్టెను. తరువాత లెడ్ జెప్పెలిన్ బృందమును స్థాపించిన జిమ్మీ పేజ్ అందు గిటారు వాయించెను. ఆ కాలమున యువకులు వాద్యధ్వనులను ప్రతిధ్వనులతో మేళవించి, స్వప్నమును బోలిన భావస్థితిని కల్పించుచుండిరి. దీనినే సైకడెలిక్ పాప్ అందురు. ఆయన 1968 నాటి "లె బాల్ దె లాజ్" అట్టిదే. ఉరికంబమునకు ఎదురుచూచు ఖైదీ స్వగతమును ఆర్గన్ నాదము వెంటాడుచుండును. శాస్త్రీయ శిక్షణ పొందిన చేయి ఈ నూతన రీతికి ఎట్టి గాంభీర్యమును ఈయగలదో అందు తెలియును.

కీర్తితోపాటు కలహమును వచ్చెను. 1972లో తన పిఱుదులు కనబడునట్లు దిగిన చిత్రమును ప్రచార పత్రములపై వేయింపగా, న్యాయస్థానము పత్రమునకు 10 ఫ్రాంకుల చొప్పున 6,000 పత్రములకు 60,000 ఫ్రాంకుల జరిమానా విధించెను. అటుపిమ్మట ఆయన ధనవ్యవహారములు చూచు వ్యక్తి అదృశ్యుడు కాగా, ఆదాయపు పన్ను బాకీ మోయలేని భారమై మిగిలెను. 1973లో ఆయన ఓడనెక్కి అమెరికాకు తరలిపోయెను. ఆ ఓడ పేరు కూడ "ఫ్రాన్స్"!

గాయకుడైనను పన్ను చెల్లింపవలసినదే. సర్కారు కొలువున నున్న నేను అందులకు వేఱుమాట చెప్పజాలను. కాని బాకీ లెక్కలలో చేరని నష్టము వేఱొకటి కలదు. అమెరికాలో ఆయన ఆంగ్ల గీతముల సంపుటము వెలువరించెను. 1976లో "లిప్‌స్టిక్" అను చలనచిత్రమునకు సంగీతము కూర్చెను. అయినను స్వజనుల హృదయమును కదల్చినది, 1977లో మాతృభాషయందు పాడిన "లెట్ర్ ఆ ఫ్రాన్స్", అనగా "ఫ్రాన్సుకు లేఖ". దాని పదములు వ్రాసిన జాన్ లూ దబాదీ 2008లో ఫ్రెంచి అకాడమీకి ఎన్నికయ్యెను.

ఈ శీర్షికలో ఒక వ్యాకరణ చమత్కారము కలదు. ఫ్రెంచిలో దేశనామమునకు ముందు "లా" అను ఉపపదము రావలయును. అది లేనియెడల "ఫ్రాన్స్" అనునది ఒక స్త్రీ పేరగును. కావున ఆ లేఖ దేశమునకా, ప్రేయసికా యని తేల్చి చెప్పలేము. మనకు "భారతి" యనగా పలుకులతల్లియు, దేశమాతయు, పొరుగింటి ఆడపడుచును స్ఫురించుట వంటిదే ఇది.

నడుమ కొంతకాలము పారిస్‌లో నివసించినను, ఆయన ఫ్రాన్సు వేదికపై మరల పాడినది 2007లో. 34 ఏండ్లు గడచినవి. ఆ యేడు జూలై 14 జాతీయ దినమున ఈఫిల్ గోపురము చెంత లక్షలాది జనులు ఆయన గానమును వినిరి. వారిలో అనేకులు ఆయన వెడలిపోయిన నాటికి జన్మింపనివారు. ఆయన దూరమున నున్న కాలమంతయు ఆ పాటలు ఇండ్లలో తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించుచునే యుండెను.

సోదరులారా, మన పిల్లలు బడిలో హిందీయు ఆంగ్లమును నేర్చుచున్నారు; అది అవసరమే. కాని ఇంట తెలుగు పాట వినబడనియెడల, రేపు మనము వ్రాయు లేఖను చదువువారెవరు? ఈ ప్రశ్నను తమ యెదుట నుంచి విరమించుచున్నాను. సెలవు.