గాలి స్ప్రింగుల బండి

రాత్రి సమముగా నిలిపిన బండి తెల్లవారుసరికి ఒక మూల నేలకు క్రుంగియున్నదని రేంజ్ రోవర్ యజమానులు కొందరు ఫిర్యాదు చేయుచుందురు. ఇంత ఖరీదైన బండికి ఈ అవస్థ యేల?

1970లో బ్రిటనులో వెలువడినపుడు దీనికి ఉక్కుచుట్ల స్ప్రింగు లుండెడివి. 1992లో కొన్ని నమూనాలకు గాలి స్ప్రింగులు వచ్చినవి. ప్రతి చక్రముకడ కమ్మరి తిత్తివంటి రబ్బరు సంచి యుండును. కంప్రెసరు దానిలో గాలి నింపును. గతుకుల దారిలో బండి పైకి లేచును. రహదారిపై క్రిందికి దిగును. ప్రయాణము సుఖముగా సాగును.

అయితే రబ్బరునకు వార్ధక్యము తప్పదు. మడతపడుచోట సన్నని పగుళ్ళు పుట్టి గాలి జారిపోవును. ఆ లోటు తీర్చుటకై కంప్రెసరు విరామములేక శ్రమించి, వేడెక్కి, తుదకు చెడిపోవును. కంప్రెసరును మాత్రమే మార్పించినచో, చిల్లు అట్లే యుండుటచే క్రొత్తదియు అదే గతి పట్టును. కనుక ముందుగా తిత్తులకు, గొట్టముల అతుకులకు సబ్బునీరు పూసి, బుడగలు లేచు తావు కనుగొనవలెను. విసిగి, మరల ఉక్కు స్ప్రింగులే వేయించుకొన్నవారును కలరు.

ఒక్క హెచ్చరిక. గాలిపై నిలిచిన బండి ఏ క్షణముననైనను క్రుంగవచ్చును. చట్రమునకు గట్టి ఇనుప స్టాండ్లు ఆనించనిదే దాని క్రిందికి ఎవరును దూరరాదు.