చిలగడదుంపకు గాయం మానే వారం



మస్కట్ నుంచి వచ్చి దుంపల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు నవ్వారు. ఒమన్ అంటే ఇసుక, ఖర్జూరం అనుకుంటాం గదా! కానీ బర్కా, సోహార్ వైపు వెళితే బాతినా తీరం పొడుగునా తోటలే. నేను చెప్పేది చిలగడదుంప సంగతి. తెలంగాణ మిత్రులు కందగడ్డ అనుకోండి, సీమవారు గెనుసుగడ్డ అనుకోండి. పేరేదైనా కుళ్ళు ఒకటే.

మందులు వాడకుండా పండించింది నిలవ ఉండదని మనవాళ్ళలో ఒక మాట ఉంది. నేను ఒప్పుకోను. రైజోపస్ అనే బూజు, అదే రొట్టె మీద పట్టే నల్లబూజు, చెక్కుచెదరని తొక్కలోంచి లోపలికి పోలేదు. గునపం దెబ్బ, గోనెసంచి ఒరిపిడి, తోక విరిగిన చోటు, ఇవే దాని వాకిళ్ళు. జొరబడిందా, కొద్ది రోజుల్లోనే దుంప మెత్తబడి నీరు కారుతుంది, పైన బూడిదరంగు మీసాలు మొలుస్తాయి. మామూలు రైతు బూజుమందు పట్టిస్తాడు. సేంద్రియ రైతుకు ఆ వెసులుబాటు లేదు.

కానీ తవ్విన దుంపకు ఇంకా ప్రాణం ఉంటుంది. గాయం మీద కొత్త తొక్క కట్టుకుంటుంది. అందుకు 30 డిగ్రీల వేడి, 85-90 శాతం తేమ, 4 నుంచి 7 రోజులు కావాలి. చలిదేశాల్లో గది వేడిచేసి ఈ పని చేస్తారు. బాతినాలో ఏప్రిల్ నెలలో ఆ వేడి ఊరికే వస్తుంది! కడగకుండా, నీడన పలచగా పరిచి, చుట్టూ తడి గోనెలు వేలాడదీస్తే చాలు.

చిక్కంతా తర్వాతే. నిలవకు 13-15 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే చలికి లోపల దెబ్బతిని, బయటికి తీశాక కుళ్ళుతుంది. ఏసీ గదిలో మొలకలేస్తుంది. అందుకే చల్లని గది లేని చిన్న రైతు త్వరగా అమ్ముకోవడమే మేలు. చలిదేశాల్లో బేస్‌మెంట్లున్న వారిని చూస్తే నాకు అసూయే!

ఇంకొక్క మాట, ఇది నవ్వులాట కాదు. కుళ్ళిన దుంపలు మేకలకు, గేదెలకు వేయడం మనకు అలవాటు. ఫ్యుజేరియం బూజు పట్టిన చిలగడదుంపలో ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం పుడుతుంది. అమెరికాలో బూజు దుంపలు మేసిన పశువులు ఊపిరాడక చనిపోయిన ఉదంతం 1972లో పశువైద్య పత్రికలో వచ్చింది. కూరలో దుంప చేదుగా తగిలితే మొత్తం పారేయండి, పశువుకూ పెట్టకండి.