రౌతు కొద్దీ గుర్రం
(భిలాయ్ సెక్టర్ 7లో మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉక్కు ఊళ్లో గుర్రాల మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. గుర్రం మనకంత దూరమేమీ కాదు. దుర్గ్ పక్కనే అంజోరాలో వెటర్నరీ కాలేజీ ఉంది, ఎన్‌సీసీ గుర్రపు దళమూ ఉంది. ఆ విభాగాన్ని రిమౌంట్ అండ్ వెటర్నరీ అంటారు. తిరుపతిలో, హైదరాబాద్‌లో కూడా ఇలాంటి దళాలున్నాయి.

స్వారీలో చేరిన పిల్లలు ముందు నడక, తర్వాత కాస్త ట్రాట్ నేర్చుకుంటారు. ఇక అక్కడి నుంచి ఇంట్లో ఒకటే ప్రశ్న: "ఇంకా పరుగెత్తించడం లేదా?" పిల్లలకూ తొందరే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ మధ్య దశను తొందరపెట్టకండి. అసలు చదువంతా అక్కడే ఉంది.

ట్రాట్‌లో గుర్రం కాళ్లు ఐమూలగా జతలుగా పడతాయి. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి కదులుతాయి. రౌతు ఒక అడుగుకు లేచి, మరో అడుగుకు కూర్చుంటాడు. గుండ్రంగా తిరిగేటప్పుడు బయటివైపు ముందుకాలు ముందుకు సాగినప్పుడే లేవాలి. దిశ మారితే రెండు అడుగులు వరసగా కూర్చుని లెక్క సరిచేసుకోవాలి. మొదట్లో కిందికి చూసి పోల్చుకుంటారు. కొన్నాళ్లకు చూడకుండానే ఒంటికి తెలుస్తుంది. రికాబులు వదిలేసి స్వారీ చేయించేది కూడా పగ్గాలు పట్టుకుని వేలాడే అలవాటు పోవడానికే.

రెండోది, చెప్పే తీరు. నాలుగైదు వందల కిలోల గుర్రాన్ని నలభై కిలోల పిల్ల బలంతో ఆపలేదు. కాలితో చిన్నగా నొక్కాలి, గుర్రం వినగానే వదిలేయాలి. ఆ వదలడమే దానికి మెచ్చుకోలు. ఆలస్యంగా వదిలితే అది వేరే పాఠం నేర్చుకుంటుంది. క్యాంటర్‌లో వంపు తిరిగేటప్పుడు లోపలివైపు ముందుకాలు ముందుండాలి. తప్పు కాలితో మొదలైతే కొట్టకూడదు. మళ్లీ ట్రాట్‌కు తెచ్చి, ఇంకోసారి స్పష్టంగా అడగాలి. 'రౌతు కొద్దీ గుర్రం' అని మనవాళ్లు ఊరికే అనలేదు.

మూడోది భయం. గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనక, ముక్కు ముందర మాత్రం కనబడదు. ప్లాస్టిక్ సంచి ఎగిరినా బెదురుతుంది. రౌతు బిగుసుకుంటే అదీ బిగుసుకుంటుంది. అందుకే గుండె దడదడలాడుతున్నా ఊపిరి నిదానంగా వదలడం పిల్లలకు అలవాటవుతుంది. పరీక్ష హాల్లోనూ పనికొచ్చే విద్య ఇది.

పడే ప్రమాదం ఉంది, దాచను. గడ్డం పట్టీ పెట్టిన హెల్మెట్, మడమ ఉన్న బూట్లు తప్పనిసరి. మడమ లేకపోతే కాలు రికాబులోకి జారి ఇరుక్కుంటుంది. పొట్ట కింద జీను పట్టీని ఎక్కే ముందు ఒకసారి, కాసేపు నడిపాక మరోసారి చూడాలి. మన బ్యాంకులో ఒకరి ఎంట్రీని ఇంకొకరు సరిచూసి పాస్ చేసినట్టే. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు మళ్లీ ఎక్కించకండి, డాక్టరుకు చూపించండి. దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ వాడకండి.

ఆడపిల్లలకెందుకు అనేవారికి ఒక మాట. ఒలింపిక్స్ గుర్రపు స్వారీలో స్త్రీలు, పురుషులు ఒకే పోటీలో సమానంగా తలపడతారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సేజ్ జట్టు స్వర్ణం గెలిచింది. స్వారీలో 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం అది. నలుగురిలో ఇద్దరు అమ్మాయిలే, దివ్యకృతి సింగ్, ఇందోర్‌కు చెందిన సుదీప్తి హజేలా. హైదరాబాద్ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలోనూ స్వారీ ఉంది.

అందరూ పతకాలు తేనక్కర్లేదు. దిగిన వెంటనే మీ అబ్బాయి, అమ్మాయి ఏం చేస్తున్నారో చూడండి. జీను పట్టీ వదులు చేసి, గుర్రాన్ని కాసేపు నడిపించి, చెమట తుడిచి, నీళ్లు పెట్టాకే తన సీసా తీస్తే చదువు బాగా సాగుతోందన్నమాట. ఇంటికొచ్చాక "ఎంత వేగంగా వెళ్లావు?" అనకండి. "ఈవేళ గుర్రం ఎలా ఉంది?" అని అడగండి. వాళ్లే చెప్పుకొస్తారు.