ఉద్యోగపు దరఖాస్తు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో విరాటపర్వమును గురించి నాలుగు మాటలు చెప్పవలెనని నేను సిద్ధపడి యుంటిని. కార్యదర్శిగారు ఒప్పుకొనలేదు. "కరణంగారూ! భారతం మీరు ఏటా చెబుతూనే ఉన్నారు. ఈసారి మన కుర్రవాళ్లకు ఉద్యోగపు దరఖాస్తు ఎలా రాయాలో చెప్పండి" అనిరి. మా తండ్రిగారి కరణీకము 1984లో గ్రామాధికారుల వంశపారంపర్య పదవులు రద్దైనప్పుడే పోయినది. పిలుపు మాత్రము నాకు మిగిలినది. నేను లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. పెద్ద చదువులు చదివినవాడను కాను. భారత భాగవతములు కొంత ఇంటనున్న చిరిగిన ప్రతులతోను, పిమ్మట ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు ప్రక్కన పెట్టుకొనియు నాకై నేను చదివికొంటిని. అట్టివానికి ఈ విషయమున అధికారమేమని మీరడుగవచ్చును. పది పండ్రెండేండ్లుగా ఈ యూరి పిల్లలు దరఖాస్తులు పట్టుకొని నాయొద్దకు వచ్చుచున్నారు. వానిలోని తప్పులన్నియు నాకు కంఠస్థములు. అంతకంటె ముఖ్యముగా, నేనే ఒకప్పుడు మిక్కిలి చెడ్డ దరఖాస్తు వ్రాసితిని.

ముందు దానిని చెప్పెదను. నాకప్పుడు ఇరువది రెండేండ్లు. ఒక కార్యాలయములో లెక్కల గుమాస్తా కావలెనని విని దరఖాస్తు పంపితిని. మొత్తము నాలుగు పుటలు. మొదటి పుటలో ఇష్టదేవతా ప్రార్థనము. రెండవదానిలో ఆ కార్యాలయాధిపతి ఔదార్య వర్ణనము (ఆయనను నేను కన్నులార చూచి యెరుగను). మూడవదానిలో నేను చదివిన ప్రబంధముల పట్టిక. నాల్గవదానిలో మా దారిద్ర్యము. వారికి కావలసినవాడు చిట్టా ఆవర్జాలు వ్రాయగలవాడు. పదవి పోయిన పిమ్మట మా తండ్రిగారు వర్తకులకు లెక్కలు వ్రాయుచుండగా, పదునైదవ యేటనుండి నేను ప్రక్కన కూర్చుండి చిట్టా వ్రాసినవాడను. నెలాఖరున పైసాతో సహా నిలువ తేల్చినవాడను. ఆ మాట నాలుగు పుటలలో ఎక్కడను లేదు! ప్రబంధములు విద్యయనియు, ఇంటిలో అబ్బిన చిట్టా విద్య కాదనియు నేననుకొంటిని. ప్రత్యుత్తరము రాలేదు. అక్కడి బంట్రోతు పిమ్మట చెప్పగా తెలిసినదేమనగా, వారు మొదటి పుట చదివి, ఇది పెండ్లి శుభలేఖ కాబోలునని ప్రక్కన పెట్టిరట.

ఆనాటి నా తప్పే నేటి మన పిల్లల తప్పు. పుటలు తగ్గినవి గాని తప్పు తగ్గలేదు. నేడు ఎలమంచిలికి పోయిన యెడల నెట్ సెంటరులో బయోడేటాలు సిద్ధముగా నుండును. పేరు మార్చి, ఫోటో అంటించి ఇత్తురు. గత సంవత్సరము ఒకే వారములో అయిదుగురు పిల్లలు నాకు చూపిన అయిదు బయోడేటాలలో జీవిత లక్ష్యము ఒక్కటే, అక్షరము మారకుండ. అభిరుచులు ఒక్కటే: క్రికెట్టు, పాటలు వినుట. ఒకనిదానిలో తండ్రి పేరు సైతము వేరొకనిది! అందరి కాగితముల అడుగునను "పైన వ్రాసినదంతయు సత్యము" అను ప్రమాణము, దాని క్రింద సంతకము. అనుభవము అనుచోట అందరును వ్రాసినది ఒక్కటే మాట: లేదు.

ఆ యైదుగురిలో ఒకడు బొమ్మల పనివారి యింటి బిడ్డడు. పేరు చెప్పను. 2020లో కరోనా వలన పరీక్షలు రద్దై, పరీక్ష వ్రాయకయే పదవ తరగతి ఉత్తీర్ణుడైనవాడు. 2020, 2021 సంవత్సరముల పిల్లలందరికిని ఆ బెరుకు గలదు. తమ పత్రము అరకొర పత్రమని వారి భావము. అది వారి దోషము కాదు. బడులు మూసిన ఆ నెలలలోనే ఈ చిరంజీవి తండ్రి ప్రక్కన లేతు దగ్గర కూర్చుండి పని నేర్చినాడు. "అనుభవము లేదని వ్రాసితివేమిరా?" అని యడిగితిని. "ఏటుందండీ రాయడానికి? ఇంట్లో బొమ్మల పనే కదండీ" అన్నాడు.

అయ్యలారా! వరాహనది యొడ్డున నున్న మన యూరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ప్రకృతిసిద్ధమైన రంగులకు మరల ప్రాణము పోసిన మన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్ర దినమున ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఏటికొప్పాక బొమ్మలే ఊరేగినవి. దేశమంతయు చూచినది. చూడనిది ఆ బొమ్మ చేయువాని బిడ్డడు తన కాగితములో!

ఆ కుర్రవాడు దరఖాస్తు పెట్టదలచినది అచ్యుతాపురము వైపు ఒక కర్మాగారములో. తయారైన సరుకును పరీక్షించి, చెడ్డదానిని వేరుచేసి, మంచిదానిని పెట్టెలలో సర్దించు పని. నేను వానిని సరుకు నిలువ తనిఖీ చేసినట్లు ప్రశ్నించితిని. అంకుడు కర్ర ఆరినదో లేదో ఎట్లు తెలియును? భరిణె మూత బిగియకుండ, జారకుండ ఎట్లు కొలత తీయుదువు? లక్క రంగు ఒక వస్తువునకును మరియొక వస్తువునకును తేడా వచ్చిన ఏమి చేయుదువు? వాడు ఒక్కొక్కటియే చెప్పుచు పోయెను. ఒక పెండ్లివారికి 300 కుంకుమ భరిణెలు ఇరువది దినములలో ఇచ్చితిమనియు, తాను తొమ్మిదింటిని పగులు చూచి తీసివేసి మరల చేయించితిననియు చెప్పెను. అరగంట గడచునప్పటికి నా కాగితము నిండినది. వాని కాగితములో లేనిదంతయు నా కాగితములో నున్నది. దానినే అయిదు పంక్తులుగా వ్రాసితిమి: ఏ సంవత్సరము నుండి పని, ఏమి కొలుచును, ఏమి ఏరివేయును, ఎంత సరుకు, ఎన్ని దినములు. గొప్ప మాటలేవియు లేవు. కష్టించు స్వభావము గలవాడనని వ్రాయనక్కరలేకపోయినది.

ఇక్కడ నా విరాటపర్వము రాక తప్పదు. కార్యదర్శిగారు క్షమింతురు గాక. అజ్ఞాతవాసమున పాండవులు ఒక్కొక్కరే వచ్చి విరటుని కొలువులో ఉద్యోగమడిగిన ఘట్టమును మీరెరుగుదురు. దానిని నేను పలుమారులు చదివితిని గాని, దరఖాస్తులు చూచుట మొదలిడిన పిమ్మటనే సరిగా బోధపడినది. అయిదుగురు అన్నదమ్ములు ఒకే బయోడేటా తేలేదు. కంకుభట్టు జూదపు నేర్పు చెప్పెను. వలలుడు ముందు వంట చెప్పి, మల్లవిద్య ఆ తరువాత చెప్పెను. దామగ్రంథి అశ్వముల గుణదోషములను, తంత్రీపాలుడు ఆవుల లెక్కను, వాని రోగములను చెప్పిరి. బృహన్నల ఆటపాటలు చెప్పగా రాజు పరీక్షించిన పిదపనే కూతురికి గురువుగా నియమించెను. ముందెక్కడ పనిచేసితిరన్నచో ధర్మరాజు కొలువును చూపిరి. సైరంధ్రి తాను సత్యభామయొద్దను, ద్రౌపదియొద్దను ఉంటినని చెప్పుటయే గాక, ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు తన నియమములను సైతము ముందే చెప్పెను. ఆడపిల్లలు దీనిని గమనింపవలెను: రాత్రివేళ పని చేయగలరా, చేయలేరా, వచ్చిపోవుటకు బస్సు గలదా అను మాట చేరక మునుపే అడుగుటలో తప్పు లేదు.

వారు పేర్లు దాచిరి గదా, మనము కొంచెము దాచిన నేమని ఒక చమత్కారి నన్నడిగెను. వారికి సమయబంధము గలదు, నీకు లేదు. పేరు దాచిరి గాని రాని విద్య వచ్చునని ఒక్కరును చెప్పలేదు. గుర్రపుస్వారి రానివాడు అశ్వశాలలో చేరిన మొదటి దినముననే తెలిసిపోవును.

దాచకుండ వ్రాయుటకు మన దక్షిణదేశమున ఇంకొక చక్కని దృష్టాంతము గలదు. గణితవేత్త రామానుజన్ 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టు లెక్కల శాఖలో గుమాస్తా పనికి దరఖాస్తు వ్రాసెను. అప్పటికి ఎఫ్.ఏ. పరీక్ష తప్పినవాడు. మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడననియు, ఎఫ్.ఏ. వరకు చదివితిననియు, కొన్ని చిక్కుల వలన ముందుకు పోజాలకపోతిననియు, అప్పటినుండి కాలమంతయు గణితమునకే వినియోగించుచున్నాననియు, పని యిచ్చినచో సరిగా చేయగలననియు వ్రాసెను. అంతే, కొలది పంక్తులు. ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడొకరు ఇచ్చిన యోగ్యతాపత్రమును జతపరచెను. మార్చి మొదటి తేదీన చేరెను. జీతము నెలకు ముప్పది రూపాయలు. అంతకు పూర్వము మన నెల్లూరు కలెక్టరు రామచంద్రరావుగారు ఆయనకు నెలనెల ధనసహాయము చేసియుండిరి. మరుసటి సంవత్సరము జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ దొరకు వ్రాసిన లేఖలోను తాను పోర్టు ట్రస్టు గుమాస్తాననియే మొదలుపెట్టి, తాను కనుగొన్న సూత్రములను పుటలకొలది జతచేసెను. హార్డీ నమ్మినది ఆ సూత్రములను చూచి. లెక్కలవాడనగుటచే ఈ కథయందు నాకు పక్షపాతము గలదు.

ఇటలీదేశపు లియొనార్డో డావించి సైతము సుమారు 1482 ప్రాంతమున మిలాను ప్రభువునకు ఇట్టి లేఖ సిద్ధపరచెను. యుద్ధకాలము గనుక వంతెనలు, ఫిరంగులు, రథములు ఎట్లు చేయగలడో ముందు వరుసగా వ్రాసి, చిత్రలేఖనమును చిట్టచివర చెప్పెను. తనకు ప్రియమైనది కాక, ఆ ప్రభువునకు అవసరమైనది ముందు. నా నాలుగు పుటల దరఖాస్తునకు పూర్వము ఈ కథ నాకు తెలిసియుండిన బాగుండెడిది.

ఇక చిల్లర విషయములు. చిల్లర యంటిని గాని ఎక్కువమంది జారిపడునది ఇక్కడనే. మన యింటిపేరు ముందుండును. కంపెనీవారి పత్రములో అది కడపట నుండవలెనందురు. కొందరి పదవ తరగతి పత్రమున ఒక అక్షరమే యుండును. ఆధారులో ఇంటిపేరు పూర్తిగా నుండును. పదవ తరగతి పత్రములో ఉన్నట్లే అన్నిచోట్లను వ్రాయుడు; ఆధారులో తేడా యున్నచో ముందు దానిని సరిచేయించుడు. జిల్లా సంగతి మరియొకటి. 2022 ఏప్రిల్ నుండి మనది అనకాపల్లి జిల్లా. అంతకు మునుపటి పత్రములలో విశాఖపట్నం జిల్లా. చిరునామాలో నేటి జిల్లా వ్రాసి, పాత పత్రములలో ఇట్లున్నదని ఒక మాట చేర్చినచో వారికి అనుమానము రాదు. ఈ-మెయిలు మీ సొంతము కావలెను. ఒక చిన్నవానికి తన మెయిలు లేక ఒక నెట్ సెంటరువారి మెయిలు వేయించుకొనెను. ఇంటర్వ్యూ పిలుపు అక్కడికి వచ్చి, వారు చూచునప్పటికి తేదీ దాటిపోయినది. వాడు నాలుగు దినములు భోజనము సరిగా చేయలేదు. పెండ్లి బయోడేటాను ఉద్యోగమునకు పంపవలదు. గోత్రము, నక్షత్రము, మేనిచాయ వ్రాసి పంపినవారిని నేనెరుగుదును. ఎవరి పేరైనను మీ విషయము తెలిసినవారిగా వేయునప్పుడు ముందు వారినడిగి వేయుడు. కంపెనీనుండి ఫోను రాగా "ఆ పిల్లవాడెవరో!" అని నేనే ఒకసారి తడబడితిని.

ఒక తల్లి సంగతి చెప్పి ముగించెదను. డ్వాక్రా సంఘపు పుస్తకములు ఆరేండ్లు వ్రాసినది. పొదుపు, అప్పు, వాయిదా, వడ్డీ, బ్యాంకు నిలువ అన్నియు ఆమె చేతివ్రాతయే. ఒక దుకాణమున లెక్కలు చూచు పనికి దరఖాస్తు తెచ్చి చూపినది. వృత్తి: గృహిణి. అనుభవము: లేదు. నేనామె పుస్తకము తెప్పించి చూచితిని. కొట్టివేతలు లేవు. నా చిట్టాకంటె శుభ్రముగా నున్నది. ఆ మాటయే చెప్పి, ఆ పుస్తకపు రెండు పుటలకు ప్రతులు తీయించి జతచేయుమంటిని.

బొమ్మల యింటి కుర్రవానికి పని దొరకెనా యని మీరడుగుదురు. మొదటిచోట దొరకలేదు. రెండవచోట పిలిచి, భరిణె మూత కొలత ఎట్లు తీయుదువని అడిగిరట. వాడు సంచిలోనుండి తాను చేసిన భరిణె తీసి మూత విప్పి చూపినాడట. ప్రస్తుతము అక్కడనే యున్నాడు. సెలవు దినములలో తండ్రి ప్రక్కన లేతు దగ్గర కూర్చుండుట మానలేదు.

ఆదివారములలో సాయంకాలము అయిదు గంటలనుండి నేనీ గ్రంథాలయములోనే యుందును. పదవ తరగతి పత్రము, ఆధారు కార్డు, తెల్లకాగితములు రెండు తెచ్చుకొనుడు. నెట్ సెంటరు కాగితము తేనక్కరలేదు. మీ యింటిలో మీరేమి పని చేయుదురని నేనడుగుదును, సిగ్గుపడక చెప్పవలెను. విరాటపర్వమును వచ్చే మాసమునకు వాయిదా వేసినారు. దానికిని దయచేయుదురు గాక.