నేల గుణం అడగడం మన పని కాదా?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూసేకరణ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నష్టపరిహారం, పునరావాసం, పట్టాల్లో స్త్రీల పేర్లు - వీటి మీద మనం చాలాకాలంగా పోరాడుతూనే ఉన్నాం. వాటన్నిటికంటే ముందు రావలసిన ప్రశ్నను మాత్రం ఇంజనీర్లకు వదిలేశాం. ఆ నేల ఎలాంటిది, వాలు ఎటు, కింద ఏముంది అన్న ప్రశ్న అది.

మేడిగడ్డనే తీసుకుందాం. పాత కరీంనగర్ జిల్లా మహదేవపూర్ మండలంలో, గోదావరి మీద, 1.6 కిలోమీటర్ల పొడవున 85 గేట్లతో కట్టిన బ్యారేజీ. 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియర్లు కుంగిపోయాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ వచ్చి చూసి, ప్రణాళికలో, డిజైనులో, నాణ్యతలో, నిర్వహణలో - అన్నిటా లోపాలున్నాయని తేల్చింది. పునాది కింది ఇసుక నీటితోపాటు జారిపోయిందని చెప్పింది. ఇందులో మనకు అర్థం కానిదేమీ లేదు. గోదాట్లో దిగి కాసేపు కదలకుండా నిలబడ్డ ప్రతి ఆడమనిషికీ మడమల కింద ఇసుక మెల్లగా కరిగిపోవడం తెలుసు. రాయి మీద కట్టే కట్టడం వేరు, ఇసుక మీద కట్టేది వేరు. ఇసుక మీద కట్టకూడదని కాదు. కట్టాలంటే ఆ ఇసుక ఎంత లోతు, నీళ్ళు ఎంత వేగంతో దాన్ని లాగుతాయి అన్నది ముందు తేల్చుకోవాలి, ప్రతి వరద తర్వాతా మళ్ళీ చూసుకోవాలి. 2019లోనే, మొదటి వరదకే, దిగువన వేసిన కాంక్రీటు దిమ్మెలు చెదిరిపోయాయి. అది చిన్న హెచ్చరిక కాదు.

2008లో మొదలైన ప్రాణహిత-చేవెళ్ళ పథకంలో బ్యారేజీ రావలసిన చోటు ఆదిలాబాద్ జిల్లా తుమ్మిడిహట్టి. చోటు ఎందుకు మారిందన్న దాని మీద పార్టీలు ఒకరినొకరు తిట్టుకోవడం మనం చాలా విన్నాం. ఆ వాదనలో ఎవరూ అడగని మనిషి ఒకరున్నారు. నదికి అటు ఒడ్డున, పాత ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు, కోటపల్లి మండలాల్లో, వరద వచ్చినప్పుడల్లా వెనుకజలాల్లో పత్తిచేను మునిగిపోయిన కౌలుదారు స్త్రీ. భూమి ఆమె పేరున లేదు, కాబట్టి నష్టం కూడా ఆమె పేరున రాయరు. 2018లో వచ్చిన రైతుబంధు కూడా కౌలుదారులను లెక్కలోకి తీసుకోలేదు.

చట్టం ఏమంటుందో చూడండి. 2013 భూసేకరణ చట్టం, భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా జరగాలంది. భూమి లేని కూలీలు కూడా బాధితులేనంది. 2015 జూలైలో మన ప్రభుత్వం 123 నంబరు జీవో తెచ్చి నేరుగా కొనుగోలు పద్ధతి పెట్టింది. వ్యవసాయ కూలీలు కోర్టుకు వెళితే 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత రాష్ట్రం చట్టాన్నే సవరించుకుని, చాలా ప్రాజెక్టులకు ఆ అంచనా నుంచి మినహాయింపు తెచ్చుకుంది. కూలీలు గెలిచిన కేసును శాసనసభలో ఓడించారన్నమాట.

ఇక రామగుండం వైపు ఓపెన్‌కాస్టు గనులు. గోదావరి లోయలో బొగ్గు ఇసుకరాతి పొరల మధ్య ఉంటుంది, ఆ పొరల నడుమ బంకమట్టి పట్టీలు కూడా ఉంటాయి. పొర గని గుంత వైపు వాలి ఉంటే, వాన నీరు బంకమట్టిని తడిపితే, పై రాయి జారుతుంది. రెండు బండల మధ్య తడి మట్టి పెట్టి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తవ్విపోసిన మట్టికుప్పలకూ ఇదే సూత్రం. ఆ కుప్ప ఎవరి ఊరి పక్కన, ఎంత వాలులో, ఏ వాగుకు అడ్డంగా వస్తుందన్నది సాంకేతిక విషయం మాత్రమే అనుకుంటే, ఊరిని ఖాళీ చేయమన్న నోటీసు వచ్చేదాకా మనకు పని ఉండదు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు, 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. రాళ్ళ గురించిన జ్ఞానం మగవాళ్ళ సొత్తుగా కనపడటం వెనుక ఈ చరిత్ర కూడా ఉంది.

పెద్ద ప్రాజెక్టులే కాదు. ఆదిలాబాద్ గుట్టల్లో కొలాములు వాలు నేలల్లో బతుకుతున్నారు. పైన పలుచని మట్టి, కింద రాయి. లోయలోని నల్లరేగడి వేరే వాళ్ళది. 2005 ఉపాధి హామీ చట్టం కింద జరిగిన భూమి అభివృద్ధి పనుల్లో మన రాష్ట్రంలో సగానికి పైగా పని స్త్రీలే చేశారు, కందకం ఎక్కడ తవ్వాలో చెప్పింది మాత్రం వాళ్ళు కాదు. కందకం వాలుకు అడ్డంగా, సమమట్టంగా ఉండాలి. వాలు వెంట తవ్వితే అదే కాలువై ఉన్న మట్టిని కూడా కోసుకుపోతుంది. సమమట్టం కనుక్కోవడానికి డిగ్రీ అక్కరలేదు. మూడు కర్రలు ఏ అక్షరంలాగా కట్టి, పై నుంచి దారానికి రాయి వేలాడదీస్తే చాలు. దారం అడ్డకర్ర మీద గుర్తు పెట్టిన మధ్య బిందువు దగ్గర నిలిస్తే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక పూటలో నేర్పవచ్చు. మన శిక్షణ శిబిరాల్లో ఇది ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. ఆ సారాంశం దొరికిన రోజున నష్టపరిహారం పేజీ తిప్పే ముందు మూడు సంగతులు వెతకండి: బోర్లు ఎన్ని వేశారు, ఎంత లోతుకు, తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు, వాన నీరు ఇప్పుడు ఏ దారిన పోతోంది, రేపు ఏ దారిన పోతుంది. మూడోదానికి జవాబు ఊళ్ళో నీళ్ళు మోసే ఆడవాళ్ళను అడిగి రాసుకెళ్ళండి, సభలో వినిపించి మినిట్స్‌లో రాయించండి.