దొమ్మీ ఆటలో ఓనమాలు

వీడియో ఆట అనగానే, రెండు చేతులా మీటలను వేగంగా నొక్కడమే అందులోని విద్య అని చాలమంది భావిస్తారు. ఆ భావంతోనే ‘యాకుజా జీరో’ అనే జపాను ఆటకు కూర్చున్నవారు కొందరు, రెండు మూడు సాయంకాలాలు గడవకముందే విసిగి లేస్తారు. ఆట దుస్సాధ్యమైనది కాదు. అందులో బలం ఎక్కడ నుంచి వస్తుందో ముందుగా తెలియకపోవటమే చిక్కు. ఆ సంగతినే ఈ ప్రసంగంలో వివరించదలచాను.

సెగా సంస్థ 2005 డిసెంబరులో ‘ర్యూ గ గోతోకు’ అనే ఆటను జపానులో విడుదల చేసింది. బయటి దేశాలలో దానికి ‘యాకుజా’ అని పేరు పెట్టారు. యాకుజా అంటే జపానులో కట్టుబాట్లతో, పెద్దరికాలతో నడిచే నేరస్థుల ముఠాలు. ఆ వరుసలో చాల ఆటలు వెలువడ్డాయి. 2015 మార్చిలో జపానులో వచ్చిన ‘యాకుజా జీరో’ కథానాయకుని తొలి యౌవనాన్ని చెబుతుంది. కాబట్టి కొత్తవారు దీనితో ప్రారంభించటం ఉచితం. పాత కథలేవీ తెలిసి ఉండనక్కరలేదు.

కథాకాలం 1988 డిసెంబరు. అప్పుడు జపానులో భూముల ధరలు, వాటాల ధరలు ఆకాశానికి ఎగబాకుతున్నాయి. మరుసటి సంవత్సరం చివర టోక్యో వాటాల సూచిక 38,915 దాకా వెళ్లి, 1990లో కూలిపోవటం మొదలుపెట్టింది. ఆ డబ్బు పొంగు నడుమ ఈ కథ నడుస్తుంది. టోక్యోలోని కబుకిచో పేటను చూసి కల్పించిన కమురోచోలో, కజుమా కిర్యూ అనే ఇరవై ఏళ్ల యువకునిపై హత్యానేరం పడుతుంది. శవం దొరికిన చోటు ఒక చిన్న ఖాళీ జాగా. జపానీ మాటలో అది ‘ఒక త్సుబో’, అనగా సుమారు 3.3 చదరపు మీటర్లు. మన ఇళ్లలో రెండు మంచాలు సరిగా పట్టని ఆ నేల కోసం ముఠాలన్నీ కత్తులు దూస్తాయి. రెండవ నాయకుడు గోరో మాజిమా. ఒసాకాలోని దోతోన్‌బోరిని అనుసరించి కల్పించిన సోతెన్‌బోరిలో, ఒక వినోదశాలను నడుపుతూ బందీవలె బతుకుతున్నవాడు. కథ రెండేసి అధ్యాయాలు ఒకరితో, రెండేసి అధ్యాయాలు మరొకరితో సాగుతుంది.

ఇక పోరాటం సంగతి. వీధిలో నలుగురైదుగురు గూండాలు ఒక్కసారిగా మీద పడతారు. కొత్తవారు చేసే మొదటి పని, ఎదుట కనిపించినవానిని గుద్దుతూ పోవటం. ఈలోగా వెనుకనున్నవాడు కొడతాడు. ఎదుటి దెబ్బను కాచుకోవటానికి ఒక మీట ఉన్నది గాని, అది వీపును కాపాడదు. కాబట్టి ముందు నేర్చుకోవలసినది గుద్దటం కాదు, నిలబడటం. అందరూ ఒకే వైపున ఉండేటట్లు పక్కకు జరగాలి. కంట్రోలరు కుడి భుజం మీది పై మీటను పట్టి ఉంచితే, మన మనిషి ఒకే శత్రువు వైపు ముఖం తిప్పి నిలుస్తాడు. అతడు చేయి ఎత్తగానే చప్పున పక్కకు తప్పుకొని, ఆ తర్వాత కొట్టాలి.

కిర్యూకు మొదట మూడు పోరాట రీతులు అబ్బుతాయి. ఒకటి మధ్యస్థమైనది. రెండవది చురుకైనది, దెబ్బలో బలం తక్కువ గాని తప్పుకోవటంలో దానికి సాటి లేదు. మూడవది మృగం వంటిది. దగ్గరనున్న సైకిలునో, పేరుపలకనో తానే అందుకొని అందరినీ ఊడ్చివేస్తుంది. ఒంటరి యోధునిపై రెండవ రీతి, గుంపుపై మూడవ రీతి ప్రయోగించటం మేలు. మాజిమాకు కూడ ఇటువంటివే మూడు ఉన్నాయి. వాటిలో ఒకటి బేస్‌బాల్ బ్యాటుతో, మరొకటి నృత్యగతిలో నడుస్తుంది. ఒక్క రీతినే పట్టుకొని కూర్చోకుండా, పోరాటం మధ్యలోనే మార్చటం అలవాటు చేసుకోవాలి.

మన దెబ్బలు తగిలిన కొద్దీ ‘హీట్’ అనే కొలత తెరమీద నిండుతుంది. మనకు దెబ్బ తగిలితే తగ్గిపోతుంది. అది నిండినప్పుడు గోడ పక్కనో, చేతిలో వస్తువుతోనో ప్రత్యేకమైన దెబ్బ వేయవచ్చు. దానిని చిల్లర శత్రువు మీద ఖర్చు చేయకుండా బలవంతునికి దాచి ఉంచటం తెలివి. మందుల దుకాణంలో దొరికే బలపానీయాలు నాలుగైదు ఎప్పుడూ దగ్గర ఉండాలి. పోరాటాన్ని ఆపి వాటిని త్రాగవచ్చు. తీరిక ఉన్నప్పుడు మాత్రం హోటలులో కూర్చొని భోజనం చేయటం మంచిది. దానితో ఒంటి సత్తువ తిరిగి వస్తుంది. వీధిలో టెలిఫోను గది కనిపించినప్పుడల్లా లోపలికి వెళ్లి ఆటను భద్రపరచుకోవాలి. అక్కడే మిగులు వస్తువులు దాచుకునే పెట్టె ఉంటుంది.

ఇవన్నీ చేతి పనులు. అసలు కిటుకు డబ్బులో ఉన్నది. ఈ ఆటలో శత్రువును కొట్టినప్పుడు నోట్లు గాలిలో ఎగురుతాయి. కొత్తవారు వాటిని చూసి సంతోషించి, దాచుకుంటూ పోతారు. అదే పొరపాటు. ఇక్కడ డబ్బే విద్యకు మూల్యం. కొత్త దెబ్బ నేర్వాలన్నా, ఆయుర్బలం పెరగాలన్నా డబ్బు చెల్లించాలి. మొదటి పాఠాలు చవుక. పోను పోను ధర కోట్ల యెన్లకు పెరుగుతుంది. మొదటి సొమ్ముతో ఆయుర్బలం పెంచుకోవటం అన్నిటికంటె క్షేమం. కొన్ని పాఠాలకు డబ్బు చాలదు. ఊరిలో గురువును వెదికి శిష్యరికం చేయాలి.

దాచుకున్నవారికి బుద్ధి చెప్పటానికి మిస్టర్ షేక్‌డౌన్ అనే కొండంత మనిషి వీధులలో తిరుగుతుంటాడు. అతని చేతిలో ఓడితే చేతనున్న సొమ్మంతా అతనిదే. అతడు కనిపిస్తే మొదటి రోజులలో దారి మార్చుకోవటం అవమానం కాదు. సంచిలోని డబ్బును అతడు దోచుకోగలడు గాని, నేర్చిన విద్యను దోచుకోలేడు. ఈ సూత్రం మన పెద్దలకు తెలిసినదే. బలపడిన తర్వాత అతని బరువైన దెబ్బను తప్పించుకొని వెనుక నుంచి కొట్టి గెలిస్తే, పోయిన సొమ్ము తిరిగి వస్తుంది.

కథ మీద ఆత్రంతో వీధులను దాటిపోవద్దు. ముఖ్యకథకే సుమారు 30 గంటలు పడుతుంది. దాని చుట్టూ నూరు ఉపకథలు ఉన్నాయి. ఒకదానిలో, కొత్తగా కొన్న వీడియో ఆటను పోగొట్టుకున్న బాలునికోసం కిర్యూ దొంగ వెంట దొంగను వెదుకుతూ పోతాడు. చివరకు అది కొడుకుకు బహుమతి ఇవ్వాలనుకున్న ఆ బాలుని తండ్రి చేతిలోనే తేలుతుంది. ఇటువంటి వినోదాలు, ఘనకార్యాలు పూర్తి చేసినందుకు వచ్చే గుర్తింపులను గుడిలో సమర్పిస్తే ఎక్కువ దూరం పరుగెత్తటం వంటి వరాలు లభిస్తాయి.

ఇంటి పెద్దలకు ఒక మాట. ఐరోపాలో ఈ ఆటను 18 సంవత్సరాలు నిండినవారికే నిర్ణయించారు. నెత్తురు, క్రౌర్యం, వయోజనులకు తగిన దృశ్యాలు ఇందులో ఉన్నాయి. పిల్లల చేతికి ఇవ్వదగినది కాదు. నిజమైన యాకుజా ముఠాలు ప్రజలను పీడించాయి గనుకనే, జపాను ప్రభుత్వం 1991లో వాటిపై ప్రత్యేక శాసనం చేసి, 1992లో అమలుపరచింది. ఆటలోని వీరుని ఔదార్యం చూసి ముఠాల చరిత్ర అదేనని అనుకోరాదు.

ఎదిగినవారు ఆడితే మాత్రం, ఈ రక్తపాతమంతా ఒక త్సుబో నేల కోసమేనన్న సంగతి మరువకుండా ఆడాలి. ఆ నేలను గెలవటానికి పరుగులు పెట్టినవారి గతి కథ చెబుతుంది. నిదానంగా నడిచి, చూసి, నేర్చినవానికి మాత్రమే ఆ వీధులు వశమవుతాయి.