విజిట్ వీసా మీద కూలి పని లేదు – మోసపోకండి
(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభలో వీసాల మాట ఎందుకని కొందరు అడగవచ్చు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కు పోయిన మనిషి లేని వాడకట్టు కనబడదు. వాళ్లు సరదాకు పోలేదు. బోరు ఎండింది, పంట పోయింది, పండినదానికి ధర రాలేదు, మిత్తి పెరిగింది. అప్పు తీర్చుకోవడానికి పోయారు. కాబట్టి ఇది రైతు సమస్యే.

ఇప్పుడు ఊళ్లల్లో కొత్త మోసం నడుస్తోంది. "పని వీసా ఆలస్యమైతది, ముందు విజిట్ మీద పో, అక్కడ మారుస్తం" అంటున్నారు. ఇలా ఎందుకు అంటున్నారో మనం అర్థం చేసుకోవాలి. పదో తరగతి పాస్ కాని వాళ్లకు ఇచ్చేది ఈసీఆర్ పాస్‌పోర్టు. దానితో గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే 1983 వలస చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. అది రావాలంటే యజమాని ఎవరు, జీతం ఎంత, ఏజెంటు ఎవరు అన్నవన్నీ ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలి, బీమా కట్టాలి. చూడటానికి పోయే వాడికి ఈ క్లియరెన్స్ అక్కర లేదు. ఏజెంటుకు కావలసింది అదే. లెక్కల్లో మనం కూలికి పోలేదు, ఊరు చూడటానికి పోయాం.

దుబాయి వైపు విజిట్ వీసాను అక్కడే పని వీసాగా మార్చుకునే వీలు ఉన్న మాట నిజమే. కానీ మార్చేది యజమాని, ఏజెంటు కాదు. యజమాని మార్చకపోతే గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. ఆరు నెలలకు 9 వేల దిర్హమ్‌లు, మన పైసల్లో 2 లక్షల పైమాటే. జీతం ఇవ్వకపోతే అడగడానికి కాంట్రాక్టు ఉండదు. మనవాళ్లు 'ఖల్లివెల్లి' అనే బతుకు ఇదే. 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా యూఏఈ క్షమాభిక్ష ఇచ్చింది. అలాంటి అవకాశం వచ్చేదాకా దాక్కుని బతకాల్సిందే.

ఇక ఖర్చు లెక్క చూద్దాం. లైసెన్సు ఉన్న ఏజెంటు మన దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400 రూపాయలు. ఊళ్లో బ్రోకరు లక్షన్నర అడుగుతాడు. నూటికి మూడు రూపాయల మిత్తికి ఆ లక్షన్నర తెస్తే నెలకు 4,500, ఏడాదికి 54 వేలు మిత్తికే పోతుంది. అక్కడ జీతం వెయ్యి దిర్హమ్‌లంటే 23 వేల రూపాయల పైమాటే. తిండి ఖర్చు పోను మిగిలినదాంట్లో ముందు మిత్తి, తర్వాత అసలు, ఆఖరుకు ఇల్లు. పంట రుణం సకాలంలో కడితే 4 శాతం పడుతుంది. బయట తెచ్చిన అప్పుకు 36 శాతం. కౌలు రైతుకు ఆ 4 శాతం రుణం అందడమే గగనం. పట్టా పాస్‌బుక్ లేక రైతుబీమా కూడా రాదు. ఇక్కడా బీమా లేదు, అక్కడా లేదు.

బీమా సంగతి అందరూ గుర్తు పెట్టుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు వస్తాయి. క్లియరెన్స్‌తో పోయిన వాళ్లకు ఇది తప్పనిసరి. విజిట్ మీద పోయినవాడికి ఉండదు. 275 రూపాయల కాగితం లేక ఒక కుటుంబం 10 లక్షలు పోగొట్టుకుంటుంది. గుండెపోటుతో పోతే ఈ బీమా వర్తించదు. గల్ఫ్‌లో చనిపోయిన వారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో 5 లక్షల సాయం ప్రకటించింది. కలెక్టరు దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. తెలియక వదులుకోవద్దు.

పోయేవాళ్లకు మేము చెప్పేది ఇది. ఏజెంటు లైసెన్సు నంబరు అడగండి, ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. చట్టంలో సబ్ ఏజెంటు అనేవాడే లేడు. పైసలు చేతికి ఇవ్వకండి, బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. వీసా మీద విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే విమానం ఎక్కకండి. అరబ్బీ కాగితం అర్థం కాకపోతే చదివించుకున్నాకే సంతకం పెట్టండి. వీసా, కాంట్రాక్టు, బీమా, పాస్‌పోర్టు జిరాక్సులు ఇంట్లో ఆడవాళ్ల చేతిలో పెట్టి పోండి. రేపు ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లే. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లు ఇంటి పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పోవాలి. "ఎయిర్‌పోర్టులో సెట్టింగ్ ఉంది" అనే మనిషి మాట నమ్మకండి. అనుమానం ఉంటే ప్రవాసీ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి.

పోవద్దని మేము అనడం లేదు. అప్పు ఉన్నవాడికి ఆ మాట చెప్పే హక్కు ఎవరికీ లేదు. పోతే కార్మికుడిగా పోవాలి, కాగితం మీద కార్మికుడిగా ఉండాలి.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడు. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపేవాడికి 1983 చట్టంలో రెండేళ్ల వరకు జైలు ఉంది, జరిమానా మాత్రం 2 వేలు. మనిషికి లక్షన్నర తీసుకునేవాడికి 2 వేలు ఒక లెక్కా? దాన్ని పెంచాలి. గల్ఫ్ పోయేవాళ్లకు సేవా రుసుము, టికెట్టు ఖర్చుకు పంట రుణం మిత్తికే బ్యాంకు అప్పు ఇవ్వాలి. కౌలు రైతులకు గుర్తింపు కార్డు, రుణం, బీమా ఇచ్చి, పంటకు గిట్టుబాటు ధర కల్పించాలి. ఆ మూడోది జరిగితే మొదటి రెండింటి అవసరం చాలా తగ్గుతుంది.

ప్రతి గ్రామ కమిటీ ఈ నెలలో ఒక పని చేయాలి. మీ ఊరి నుంచి ఎవరెవరు పోయారు, ఏ వీసా మీద పోయారు, బీమా ఉందా లేదా అని ఇంటింటికీ తిరిగి రాయండి. పోబోయేవాళ్లు పైసలు కట్టకముందే కాగితాలు సంఘం ఆఫీసుకు తెమ్మనండి. కట్టినంక వస్తే మనం చేయగలిగేది తక్కువ.